మెరుపును ఆఖర్న చూడండి: అగ్నిపర్వత శిలల్లో లోహ గంధక నిక్షేపాన్ని చదివే పద్ధతి

బల్లార్షాలో మా ఇంటి అరుగు మీద ఒక వెదురు గంప ఉంటుంది. దాని నిండా రాళ్లే. నేను ఏరుకొచ్చినవి కొన్నే, మిగతావన్నీ ఎవరో ఒకరు తెచ్చి, "సార్, గిది బంగారమేనా?" అని అడిగి, కాదనగానే అక్కడే వదిలేసి పోయినవి. ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్ గని ఓబీ కుప్పల మీద, అంటే బొగ్గు మీంచి తవ్వి పోసిన మట్టి దిబ్బల మీద దొరికిన పైరైటు, ఇనుమూ గంధకమూ కలిసిన మెరుపు ఖనిజం. వాగు ఇసుకలోంచి తెచ్చిన అభ్రకం కొంత. దాన్నే మన పెద్దలు కాకి బంగారం అన్నారు, ఆ పేరులోనే హెచ్చరిక ఉంది. ఒక్క రాయి మాత్రం వేరు. నాగపూర్ జిల్లా వైపు బావి పనికి పోయిన ఒక కుర్రవాడు తెచ్చాడు. మెరుపన్నది లేదు, ఒళ్లంతా తుప్పు. "ఏం లేదు సార్, బరువుగుంటే తెచ్చిన. ఇనుప చిట్టెమేమో" అని సిగ్గుపడుతూ చేతిలో పెట్టాడు. గంపలో చదవదగ్గ రాయి అదొక్కటే.

చంద్రపూర్, రాజురా, వణి కాలేజీల్లో జియాలజీని మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రాళ్ల మీద ఆసక్తి ఉన్న ఎవరైనా చదవొచ్చు. చెప్పదలచుకున్నది సముద్రం అడుగున అగ్నిపర్వతాల దగ్గర పుట్టే రాగి, తుత్తునాగం, సీసపు గంధక నిక్షేపాల గురించి. భూవిజ్ఞానులు వీటిని వాల్కనోజెనిక్ మాసివ్ సల్ఫైడ్ అని, పొట్టిగా వీఎంఎస్ అని అంటారు.

ముందు లేనిచోట్లు కొట్టెయ్యండి

సుత్తి పట్టుకుని అడవిలోకి నడవడం మొదటి పని కాదు. ఇంట్లో కూర్చుని మ్యాపు చూడటం మొదటి పని. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల భూకోశ్ పోర్టల్లో 1:50,000 స్కేలు భూగర్భ పటాలు ఉచితంగా దొరుకుతాయి. మన ప్రాంతం తెరిచి, ఏ రంగు ఏ శిలో చూసుకుంటూ ఒక్కొక్కటే కొట్టెయ్యండి.

బల్లార్షా, ఘుగ్గుస్, వణి చుట్టూ ఉన్నది గోండ్వానా. నదులు పరిచిన ఇసుకరాయి, దాని మధ్య బొగ్గు. ఇక్కడి పైరైటుకు అగ్నిపర్వతంతో సంబంధం లేదు. పాత బురద నేలల్లో గాలి ఆడనిచోట బ్యాక్టీరియా చేసిన పని అది. కొట్టెయ్యండి. రాజురా, కోర్పనా వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు తిండి పెడుతున్న పెన్‌గంగా సున్నపురాయి సముద్రంలోనే పేరుకుంది. కాని దానితోపాటు లావా లేదు, కనుక అదీ పోయింది. సుర్జాగఢ్ కొండల్లో ఉన్నది ఇనుప ఆక్సైడు. అది పేరున్న ఖనిజమే, మనం వెతుకుతున్న కుటుంబం మాత్రం కాదు.

చాలామంది బోల్తా పడేది నాందేడ్, యవత్మాల్ వైపు నల్లరాయి దగ్గర. "అగ్నిపర్వత శిల కావాలన్నారు కదా, ఇదంతా అదే కదా" అంటారు. నిజమే, దక్కన్ ట్రాప్ అంతా లావాయే. కాని 6.6 కోట్ల ఏళ్ల కిందట ఆ లావా పొర్లింది నేల మీద. దాని నెత్తిన సముద్రం లేదు. మన నిక్షేపానికి లావా ఎంత ముఖ్యమో దాని మీద నిలిచిన నీళ్లూ అంతే ముఖ్యం. బసాల్టు చూడగానే ఎగిరి గంతేసేవాళ్లకు ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

చంద్రపూర్ జిల్లాలోనే థానేవాస్నా దగ్గర రాగి ఉంది కదా అని అడుగుతారు. ఉంది, దానితోపాటు బరైటు అనే బరువైన తెల్లరాయీ ఉంది. అయితే అక్కడ రాగి గ్రానైటు జాతి శిలల్లో, పగుళ్ల వెంబడి పలుగురాయితో (క్వార్ట్జ్) కలిసి నరాలుగా దిగింది. అది వేరే పుట్టుక. దాన్ని చదివే వ్యాకరణమూ వేరే.

ఇక మిగిలింది మనకు ఉత్తరాన, భండారా, నాగపూర్ జిల్లాల్లో త్రికోణంలా పరుచుకున్న సాకోలీ శిలా సమూహం. ఇందులో లేత రంగు రయొలైటు, ముదురు బసాల్టు రెండూ నీటి అడుగున వెలువడినవి ఉన్నాయి, వాటి మధ్య సముద్రపు మట్టి పొరలూ ఉన్నాయి. నాగపూర్ జిల్లా భివాపూర్ వైపున్న కోలారీ తుత్తునాగం నిక్షేపం ఈ సమూహంలోదే. మనకు దగ్గర్లో ఈ పాఠం చెప్పగల చోటు అదే.

ఇది ఎలా పుడుతుందో ఒకసారి మనసులో గీసుకోండి

ఈ మెట్టు దాటేసి బయటికి పోయినవాళ్లకు ఏ రాయి చూసినా రాయిగానే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

సముద్రం అడుగున లావా చల్లారేటప్పుడు నెర్రెలు విడుస్తుంది. ఆ నెర్రెల్లోంచి సముద్రపు నీరు కిలోమీటర్ల లోతుకు ఇంకుతుంది. అడుగున శిలాద్రవం కాగుతూ ఉంటుంది కాబట్టి దిగుతున్నకొద్దీ నీరు వేడెక్కుతుంది. దారిలో తనలోని మెగ్నీషియాన్ని రాళ్లకు ఇచ్చేస్తుంది, ఆమ్లంగా మారుతుంది. అప్పుడు దానికి ఆకలి పుట్టినట్టే. చుట్టూ ఉన్న రాళ్లలోంచి పదిలక్షల పాళ్లలో ఏ పదుల పాళ్లో ఉన్న రాగినీ తుత్తునాగాన్నీ, ఇనుమునూ గంధకాన్నీ కరిగించి ఒంట్లోకి తీసుకుంటుంది. అంత వేడిలోనూ అది ఆవిరైపోదు, నెత్తిన ఉన్న నీటి బరువు ఆవిరి కానివ్వదు. ఆ వేడి నీరు తేలికై ఒక పగులు పట్టుకుని పైకి తన్నుకొస్తుంది.

అరిసెల పాకం పదును చూడటానికి చల్లటి నీళ్లలో ఒక చుక్క వేస్తాం కదా. కాగుతూ ఉన్నంతసేపు పారే పాకం చల్లనీళ్లు తగలగానే ముద్ద కడుతుంది. సముద్రం అడుగున జరిగేదీ అదే. సుమారు 350 డిగ్రీల ద్రవం 2 డిగ్రీల నీటిని తాకిన క్షణంలో లోహాలు గంధకంతో కలిసి నల్లటి పొగలాంటి రేణువులుగా విరిగిపోతాయి. 1979లో తూర్పు పసిఫిక్ గట్టు మీద, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లు ఈ నల్ల పొగగొట్టాలను కళ్లారా చూశారు. అంతకుముందు ఇదంతా గనుల గోడలు చూసి కట్టిన ఊహ. ఆ తర్వాత జీవించి ఉన్న నమూనా దొరికినట్టయింది. మన దేశం కూడా 2016లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని, హిందూ మహాసముద్రపు గట్ల మీద 10,000 చదరపు కిలోమీటర్లలో ఇలాంటి గంధక దిబ్బల కోసం వెతుకుతోంది.

పొగగొట్టాలు పెరుగుతాయి, కూలుతాయి, వాటి శిథిలాల మీద మళ్లీ పెరుగుతాయి. అలా దిబ్బ లేస్తుంది. దిబ్బ లోపల వేడి ఎక్కువ కాబట్టి రాగి అక్కడ నిలుస్తుంది. తుత్తునాగం, సీసం చల్లటి అంచులకు జరుగుతాయి. ముందు నిలిచిన తుత్తునాగాన్ని తర్వాత వచ్చిన ఇంకా వేడి ద్రవం కరిగించి బయటికి నెట్టి, ఆ చోట్లో రాగిని కూర్చోబెడుతుంది. కొత్త లావానో సముద్రపు బురదో వచ్చి కప్పేస్తేనే దిబ్బ బతుకుతుంది. కప్పకపోతే సముద్రపు నీటిలోని ఆక్సిజన్ దాన్ని తుప్పుగా కొరికేస్తుంది.

చుట్టూ ఉన్న లావా ఏదో దాన్నిబట్టి లోహమూ మారుతుంది. బసాల్టు ఎక్కువున్నచోట రాగి ముందుంటుంది. సైప్రస్ ద్వీపపు గనులు ఇలాంటివే, రాగి లాటిన్ పేరు ఆ ద్వీపం పేరు నుంచే వచ్చింది. మన దక్షిణాదిలో చిత్రదుర్గ దగ్గరి ఇంగళదాళ్ కూడా ఆ వైపుదే. రయొలైటు ఎక్కువున్నచోట తుత్తునాగం, సీసం పెరుగుతాయి. జపాన్‌లోని కురోకో నిక్షేపాలు దీనికి పాఠ్యపుస్తకం. కురోకో అంటే వాళ్ల భాషలో నల్ల ఖనిజం. కోలారీ ఈ రెండో వైపు మొగ్గుతుంది.

సంచిలో ఏం ఉండాలి

సుత్తి, 10 రెట్లు చూపే భూతద్దం, జేబు కత్తి, అయస్కాంతం. నేల మీద వేసే టైలు ముక్క ఒకటి, దాని వెనక గరుకు వైపు మనకు గీటురాయి. చిన్న సీసాలో 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కలిపేటప్పుడు నీళ్లలో ఆమ్లం పొయ్యాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. పొరల వాలు కొలిచే దిక్సూచి, చెరగని మార్కరు, గట్టి అట్ట నోటుబుక్కు. ఫోన్లో జీపీఎస్ ఎలాగూ ఉంటుంది.

ఇంకొకటి సంచిలో పట్టదు. అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి, గిరిజన గ్రామమైతే ముందుగా గ్రామపెద్దలతో మాట. చూసి, చిన్న ముక్క ఒకటి తీసి, చదువుకోవడం వేరు. గుంతలు తవ్వి అన్వేషణ మొదలుపెట్టడం వేరు. రెండోదానికి 1957 నాటి గనుల చట్టం కింద లైసెన్సు కావాలి. పాత గుంతల్లోకి, సొరంగాల్లోకి మాత్రం ఎవరు రమ్మన్నా దిగకండి. గంధక ఖనిజం ఆక్సిజన్‌ను తినేస్తుంది. లోపలి గాలి చూపుకు మామూలుగానే ఉంటుంది.

తుప్పు టోపీని గుర్తుపట్టడం

కోట్ల ఏళ్లు గడిచాక నేల మీద తేలిన గంధక నిక్షేపం మెరవదు. వానకూ గాలికీ పైరైటు విరిగి, గంధకామ్లాన్నీ, ఇనుప లవణమైన అన్నభేదినీ పుట్టిస్తుంది. అన్నభేది ఇంకా తుప్పుపట్టి జేగురుగా, పసుపు మట్టిగా, గట్టి గోధుమరంగు పెంకుగా మారుతుంది. ఈ పెంకునే గాసన్ అంటారు, ఇనుప టోపీ అన్నా తప్పులేదు. పొలంలో బోర్డో మందు కలిపినవాళ్లకు మైలుతుత్తం, అంటే నీలి రంగు రాగి లవణం తెలుసు. ఇక్కడి రాగి కూడా అదే రూపంలో నీళ్లలో కరిగి కిందికి దిగుతుంది. భూగర్భ జలమట్టం దగ్గర ఆక్సిజన్ అందదు. అక్కడ ఆ రాగి పాత గంధకాల మీద మళ్లీ కూర్చుని, చాల్కోసైటు అనే నల్లటి పొరగా చిక్కబడుతుంది. చాలా గనుల్లో మొదటి లాభం ఈ పొరలోంచే వచ్చింది.

తుత్తునాగం సంగతి వేరు. అది చాలా సులువుగా కరిగి కొట్టుకుపోతుంది. కింద నిండుగా తుత్తునాగం ఉన్నా, పైన టోపీలో చూస్తే ఏమీ లేనట్టే ఉండొచ్చు. సీసం, బరైటు, బంగారం మాత్రం మొండివి, కదలవు. అందుకని టోపీ నమూనా పరీక్షకు పంపేటప్పుడు తుత్తునాగం ఒక్కటే అడిగి, తక్కువ వచ్చిందని వదిలేసి రావడం తెలివితక్కువ పని.

మన వైపు ఎర్రటి గట్టి మొరం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాన్నుంచి గాసన్‌ను వేరు చెయ్యడమే అసలు పరీక్ష. మొరం, లేటరైటు కొండ నెత్తిన దుప్పటిలా పరుచుకుంటాయి, కింద ఏ రాయున్నా వాటికి లెక్కలేదు. గాసన్ ఒక గీత పట్టుకుని పోతుంది, సన్నగా, పక్కనున్న పొరల దిక్కులోనే. పగలగొట్టి భూతద్దంతో చూడండి. లేటరైటులో గొట్టాల్లాంటి బొక్కలు, శనగ గింజల్లాంటి గుండ్లు ఉంటాయి. గాసన్‌లో పలచటి గోడలతో చదరపు గదులు కనిపిస్తాయి. ఒకప్పుడు పైరైటు ఘనాలు కూర్చున్న గదులు అవి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు, గోడలు మిగిలాయి. అక్కడక్కడ పచ్చటి మలకైటు మరక, నీలి అజురైటు చుక్క దొరికితే ఇంకా మంచిది, రెండూ రాగి గుర్తులే.

పాత ఇనుప కొలుముల చిట్టెం కూడా మోసం చేస్తుంది. దానిలో గాలి బుడగలుంటాయి, కారి గడ్డకట్టిన ముడతలుంటాయి, విరిస్తే గాజులా నిగనిగలాడుతుంది. నాగపూర్, భండారా వైపు మాంగనీసు రాయి కూడా ఉంది. దాన్ని రుద్దితే వేలికి మసి అంటుతుంది.

రూఫ్ ఏది, ఫ్లోర్ ఏది

నా లెక్కలో ఈ విద్య అంతా ఇక్కడే ఉంది. బొగ్గు గనిలో పనిచేసినవాళ్లకు రూఫ్, ఫ్లోర్ వేరే చెప్పనక్కర్లేదు: ఖనిజం నెత్తిన ఉన్న రాయి రూఫ్, అడుగున ఉన్న రాయి ఫ్లోర్. మన నిక్షేపానికీ అవి రెండూ ఉన్నాయి. ఆ రెండింటి ముఖాలు ఒకదానికొకటి పోలవు. ఏది ఏదో తేల్చగలిగితే ఖనిజం ఎటు ఉందో రాళ్లే చెబుతాయి.

ఫ్లోర్ వైపునుంచి మొదలుపెట్టండి. వేడి ద్రవం పైకి తన్నుకొచ్చిన దారి అది, ఒక గరాటును నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ దారిలో ఏ రాయీ తన రూపంలో మిగలదు. నడుమ భాగంలో అసలు శిల పచ్చటి క్లోరైటుగా మారిపోతుంది. గోరుకు గీత పడేంత మెత్తన, బలపపు రాయిలా జారుడు. దాని చుట్టూ పట్టులా మెరిసే లేత సెరిసైటు, అంటే సన్నటి అభ్రకం. మధ్యలో పలుగురాయి నరాలు, గంధకపు నరాలు వలలా అల్లుకుని ఉంటాయి. రాగి ఎక్కువగా ఈ వలలోనే చిక్కుతుంది. ల్యాబులో చూస్తే ఇక్కడి రాయిలో సోడియం పడిపోయి ఉంటుంది, ఎందుకంటే సోడియం దాచుకున్న ఫెల్డ్‌స్పార్ ఖనిజాన్ని ఆమ్లపు నీరు తినేసింది. ఖనిజం కంటికి కనిపించకపోయినా, సోడియం తగ్గుతూ పోయే దిక్కు పట్టుకుని దాన్ని చేరుకున్నవాళ్లున్నారు.

దాని పైన ముద్ద ఖనిజం, పళ్లెం బోర్లించినట్టు మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా. అడుగున రాగి ఉండే పసుపు రంగు, పైకి పోయేకొద్దీ తుత్తునాగం, సీసం ఉండే నలుపు, నెత్తిన కొన్నిచోట్ల తెల్లటి బరువైన బరైటు. ఆ పైన చెకుముకి రాయిలాంటి సన్నటి సిలికా పొర, ఇనుము కలిస్తే ఎర్రగా జాస్పర్. పొగగొట్టాల సెగ తగ్గాక, చుట్టూ సముద్రం అడుగున మెల్లగా పేరుకున్న మడ్డి ఇది. మందం తక్కువే అయినా దీనికి నేను చాలా విలువిస్తాను. ఖనిజపు దిబ్బ కొన్ని వందల మీటర్లు ఉంటే, ఈ పొర దాన్ని దాటి ఎంతో దూరం సాగుతుంది. దిబ్బలు ఒంటరిగా పుట్టవు, ఒకే కాలపు సముద్రతలం మీద గుంపులుగా లేస్తాయి. ఈ సన్న పొర వెంట నడిస్తే తర్వాతి దిబ్బ దగ్గరికి చేరవచ్చు.

రూఫ్ రాయి వేడి తగ్గాక వచ్చి కప్పినది కాబట్టి మామూలుగానే ఉంటుంది, పెద్దగా మార్పు ఉండదు. ఖనిజపు పై అంచు కత్తితో కోసినట్టు, కింది అంచు వేళ్లు దిగినట్టు ఉంటుంది. గోడ మీద ఈ రెండు అంచులూ కనిపిస్తే మీ పని సగం అయినట్టే.

ఇందులో ఒక మెలిక ఉంది. రాళ్లు ముడతలు పడతాయి, కొన్నిసార్లు తలకిందులవుతాయి. అప్పుడు ఫ్లోర్ మన కంటికి పైన కనబడుతుంది. నా మొదటి ఫీల్డు పనిలో నాకు జరిగిందదే. పచ్చటి క్లోరైటు రాయి కొండ పైభాగంలో ఉంటే, ఖనిజం ఇంకా పైన ఉండి కొట్టుకుపోయి ఉంటుందని నోటుబుక్కులో ధీమాగా రాసేశాను. మూడు రోజుల తర్వాత అదే కొండ కింద వాగులో కూర్చుని టీ తాగుతుంటే ఎదుటి గట్టులో లావా దిండ్లు కనిపించాయి, అన్నీ బోర్లాపడి ఉన్నాయి. పొరలు తిరగబడ్డాయి, అసలు చూడాల్సింది కొండ కింద. ఆ పేజీ ఇంకా దాచుకున్నాను.

దిండ్ల సంగతి చెప్పాలి. నీటిలోకి పొర్లిన లావా ముద్దలు ముద్దలుగా, దిండ్లు పేర్చినట్టు గడ్డకడుతుంది. చిత్రదుర్గ దగ్గరి మరదిహళ్లిలో ఇవి ఎంత బాగుంటాయంటే ఆ చోటిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. మెత్తగా ఉన్నప్పుడే కింది దిండ్ల సందులోకి పై దిండు దిగుతుంది కాబట్టి దాని కిందిభాగం మొనదేలి తోకలా ఉంటుంది, పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. తోక ఎటు చూపితే అది అడుగు. దిండ్లు దొరకనిచోట మట్టి పొరలు చూడండి. ఒక్కో పొరలో ముతక రేణువులు అడుగున, సన్నవి పైన ఉంటాయి. ఒకేచోట చూసి తేల్చెయ్యకండి, నాలుగైదు చోట్ల ఒకే జవాబు రావాలి.

కాలిన రాయిలో పాత గుర్తులు

ఇప్పటిదాకా చెప్పినదంతా చెక్కుచెదరని నిక్షేపం సంగతి. సాకోలీ శిలలు భూమి లోపల నలిగి, కాగి, మళ్లీ స్ఫటికాలు కట్టినవి. రయొలైటు అక్కడ సెరిసైటు పలకలుగా కనిపిస్తుంది. మధ్యలో నలగకుండా కళ్లలా మిగిలిన పలుగురాయి గింజలు చూసి పోల్చుకోవాలి. వేడి ఇంకా ఎక్కువ తగిలినచోట ద్రవం మార్చిన ఆ మెత్తటి పచ్చరాయి కార్డియరైటు, ఆంథోఫిల్లైటు ఉన్న వింత రాయిగా మారుతుంది. మామూలు బసాల్టు ఎంత కాగినా అలాంటి రాయి కాదు. అది కనబడితే అక్కడ ఒకప్పుడు మెగ్నీషియం వచ్చి చేరిందని అర్థం.

కోలారీ వైపు చూడాల్సింది గానైటు. తుత్తునాగం, అల్యూమినియం కలిసిన ముదురు పచ్చటి గట్టి ఖనిజం ఇది. తుత్తునాగపు అసలు ఖనిజమైన స్ఫాలరైటు వానకు కరిగి మాయమైనా గానైటు మిగిలిపోతుంది. కత్తికి లొంగదు, ఆమ్లానికి కరగదు. వాగు ఇసుకను పళ్లెంలో కడిగి బరువైన గింజలు వేరుచేసి భూతద్దం కింద పెడితే, పైన కొండల్లో తుత్తునాగం ఉందేమో ఆ గింజలు చెబుతాయి. టోపీలో దొరకని తుత్తునాగం ఇలా వాగులో దొరుకుతుంది.

ఇప్పుడు మెరుపు

ఇన్ని చూశాక తాజా రాయి విరిచి మెరుపు చూడండి. పైరైటు లేత పసుపు, ఘనాలుగా ఉంటుంది, ముఖాల మీద సన్న గీతలు. కత్తికి గీత పడదు. రాగి ఖనిజమైన చాల్కోపైరైటు చిక్కటి పసుపు, గాలికి నెమలి పింఛం రంగులు తేలుతుంది, కత్తికి సులువుగా లొంగుతుంది. ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికం అన్నది దీన్నే. టైలు వెనక గీస్తే రెండింటి గీటూ ఆకుపచ్చ కలిసిన నలుపు. బంగారమైతే గీటు కూడా పసుపే, సుత్తితో కొడితే పొడి కాదు, సాగుతుంది. మా అరుగు మీద బంగారం కథలన్నీ ఈ టైలు ముక్క దగ్గరే ముగుస్తాయి.

స్ఫాలరైటును చాలామంది రాయనుకుని పారేస్తారు. గోధుమ నుంచి నలుపు దాకా రంగు, జిగురులాంటి నిగ. గీటు మాత్రం లేత పసుపు. పొడి చేసి ఆమ్లం చుక్క వేస్తే కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాయువు విషం, ఆరుబయట ఒక్క చుక్కతో చూసి వదిలెయ్యండి. సీసపు ఖనిజమైన గెలీనా వెండిలా మెరిసి, చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంది, చెయ్యి కిందికి లాగేంత బరువు. అయస్కాంతం అంటుకునే కంచు రంగుది పైరోటైటు. ఏ ఖనిజాన్నీ ఇంట్లో పొయ్యి మీద కాల్చి చూడకండి. కొన్నిటిలో ఆర్సెనిక్ ఉంటుంది.

బరువు లెక్క ఇంట్లో కట్టొచ్చు. కొక్కెం తక్కెడకు దారంతో రాయి వేలాడదీసి ముందు గాలిలో, తర్వాత నీళ్లలో ముంచి తూయండి. గాలిలో 450 గ్రాములు, నీళ్లలో 350 వస్తే తేడా 100. 450ని 100తో భాగిస్తే 4.5. పలుగురాయి 2.65, బసాల్టు 3కు కాస్త తక్కువ, స్ఫాలరైటు 4, చాల్కోపైరైటు 4.2, బరైటు 4.5, పైరైటు 5, గెలీనా 7.5. తెల్లరాయి ఒకటి 4.5 చూపిస్తే అది పలుగు కాదని తెలిసిపోతుంది.

నమూనా తీసేటప్పుడు ఆశ పడకండి

బియ్యం వ్యాపారి బస్తా మూతి దగ్గర గింజ చూసి కొనడు. ఇనుప గొట్టం గుచ్చి నడుమ గింజ లాగుతాడు. మనమూ అంతే. మెరిసే ముక్క ఒకటి ఏరి ల్యాబుకు పంపితే రాగి 30 శాతం అని వస్తుంది. రాక ఏం చేస్తుంది, శుద్ధమైన చాల్కోపైరైటులో రాగి 34.6 శాతం. అది ఖనిజం లెక్కే గాని కొండ లెక్క కాదు. పొరలకు అడ్డంగా ఒక మీటరు కొలిచి, ఆ మీటరు పొడవునా సమంగా చెక్కిన ముక్కలన్నీ కలిపి రెండు మూడు కిలోలు సంచిలో వెయ్యండి. పక్క మీటరు ఇంకో సంచి. ఖనిజం కనిపించని మీటరు కూడా తియ్యండి, దాని నంబరు లేకపోతే కనిపించిన మీటరు నంబరుకు అర్థం లేదు. రాయి మొత్తంలో 1 శాతం రాగి అంటే వందలో మూడు పాళ్లు చాల్కోపైరైటు. చూపుకు అది ఎంత వెలవెలబోతుందో ఒకసారి చూస్తే మెరుపు మీద మోజు పోతుంది.

దీని తర్వాతి మెట్లు కంపెనీలవి, ప్రభుత్వ సంస్థలవి. విద్యార్థికి ఒక్క మాట చాలు. నేలలోకి కరెంటు పంపి చూసే పద్ధతుల్లో పైరైటు, చాల్కోపైరైటు బాగా పలుకుతాయి. గ్రాఫైటు ఉన్న నల్ల పలకరాయి కూడా అంతే బాగా పలికి వెర్రివాళ్లను చేస్తుంది. స్ఫాలరైటు కరెంటును సరిగా మోయదు, కాబట్టి తుత్తునాగం ఎక్కువున్న ముద్ద పలక్కపోయినా లేదనుకోకూడదు. అక్కడ కింది రాయి బరువు తేడాను పట్టే గురుత్వ సర్వే పనికొస్తుంది. బోరు ఎప్పుడూ పొరలకు అడ్డంగా పడాలి. ఏ వైపునుంచి వంచాలో చెప్పేది మళ్లీ ఆ వాలే, ఆ రూఫ్ ఫ్లోర్ గుర్తులే.

పైరైటు కుప్పల కింద పారే నీళ్లను కూడా చూడండి. వాగు అడుగు నారింజ రంగు తిరిగి, చేపలు లేకపోతే ఆ నీరు ఆమ్లం. మందార రేకులు నలిపిన నీళ్లలో కలిపితే ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. నోటుబుక్కులో రాసుకోండి, ఊళ్లోవాళ్లకూ చెప్పండి. పశువులు తాగేది అక్కడే.

రాయిని కొండ నుంచి ఊడదీసే ముందు మార్కరుతో దాని మీద బాణం గియ్యాలి, ఎటు ఆకాశమో ఎటు నేలో. పక్కనే వాలు, దిక్కు, జీపీఎస్ అంకెలు. సంచి మీద ఒకసారి, సంచి లోపల కాగితం మీద ఇంకోసారి.

ఆ కుర్రవాడి తుప్పురాయిని పగలగొట్టాను. లోపల చదరపు గదులున్నాయి, ఒక అంచున చెకుముకి లాంటి సన్న పొర కూడా ఉంది. "ఇది బావిలో ఎటు తిరిగి ఉండె?" అని అడిగాను. "గది యాదికి లేదు సార్, పలుగుతోని పొడిస్తె ఊడొచ్చింది" అన్నాడు. బావికి ఇప్పుడు రాతికట్టు కట్టేశారట. రాయి మా గంపలోనే ఉంది.